సభ్యులకు వార్షిక నివేదిక: ఈ ఏడాది మన నీటి సంఘం పనులు

అందరికీ నమస్కారం. ముందు మా తప్పు ఒప్పుకుంటాం. పైపులైను పొడిగింపు ప్లాన్‌ను కమిటీలో ఉన్న నలుగురమే కూర్చుని గీసేసి, సమావేశంలో చదివి వినిపించి, మీ సంతకాలు తీసుకుని, ప్రజల భాగస్వామ్యం అయిపోయిందనుకున్నాం. "మా ఇళ్లు గట్టు మీద, గొట్టం చివర ఉన్నాయి, కిందవాళ్లంతా కుళాయిలు తిప్పితే మాకు నీళ్లెక్కుతాయా?" అని ఒకావిడ అడిగేదాకా మాకెవరికీ ఆ సంగతి తట్టలేదు. నేల ఎత్తుపల్లాలు కొలిపించి లెవెల్ తీయిస్తే ఆవిడ చెప్పిందే నిజం. నీటి నిర్వహణలో ఆడవాళ్లది కీలక పాత్ర అని నీటి మీద 1992లో డబ్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు సూత్రాల్లోనే ఉంది, మన కమిటీకి మాత్రం ఇప్పటికి తెలిసింది!

ప్లాన్ మార్చి, పై ఇళ్లకు వేరే లైను, గేట్ వాల్వ్ పెట్టించి, నీళ్లు వంతులవారీగా వదులుతున్నాం. పైపులు వేసే కాలువ తవ్వకానికి చాలామంది వచ్చారు. పూడ్చకముందే ప్రెషర్ పెట్టి చూడటంతో లీకులు పైనే దొరికాయి, లేకపోతే మళ్లీ తవ్వుకునేవాళ్లం.

నీళ్లలో క్రిముల్ని చంపే క్లోరిన్ ఎంతుందో పరీక్ష ఇదివరకు ట్యాంకు దగ్గరే చేసేవాళ్లం, అక్కడెప్పుడూ బాగానే కనిపిస్తుంది. ఇప్పుడు చివరి కుళాయి దగ్గర చూస్తున్నాం. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. వాసన వస్తోందని కొందరు గొడవపడుతున్నారు గానీ, ఆ కాస్త వాసన లేని రోజే మాకు టెన్షన్.

డబ్బు సంగతి. నీళ్లొస్తున్నన్నాళ్లూ నెల చందా ఎవరికీ గుర్తుండదు. మోటారు కాలిపోయిన రోజు పెట్టెలో రిపేరుకు సరిపడా లేక ఇల్లిల్లూ తిరిగాం, అప్పటిదాకా బిందెలతోనే గడిచింది. అందుకే రిపేరు నిధి వేరే ఖాతాలో పెట్టాం, జమాఖర్చు ట్యాంకు గోడ మీద అంటిస్తున్నాం. 1980లలో ఎన్నో దేశాల్లో చేతిపంపులు మెకానిక్ రాక మూలపడటం చూశాకే, ఊరివాళ్లే విప్పి బాగుచేసుకోగల పంపులు కావాలన్న ఆలోచన బలపడింది. మనమూ ఇద్దరు సభ్యులకు వాషర్లు, వాల్వులు మార్చడం నేర్పించాం, చిన్న రిపేర్లకు ఇప్పుడు బయటివాళ్లను పిలవడం లేదు.

మీటర్లు పెట్టాలా వద్దా అన్నది ఈసారీ తేలలేదు. పై లైను వాల్వ్ తాళంచెవి మాత్రం ఇప్పుడు ఆ గట్టు మీది ఇళ్లవాళ్ల దగ్గరే ఉంటోంది.