రోడ్డు మింగిన అరుగు

సంపాదకుల వారికి,

కొత్త లేఅవుట్ల ప్రకటనల్లో 'మన సంప్రదాయ శైలి' అన్న మాట ఈ మధ్య తరచు కనిపిస్తోంది. తీరా వెళ్లి చూస్తే గేటు మీద పెంకుల కప్పు, లోపల 40 అడుగుల రోడ్లు, ఇరుపక్కలా నిలువెత్తు ప్రహరీలు. పాలపాకెట్టుకు కూడా బండి తీయాల్సిందే. పాత వీధుల్లో జనం నడిచింది పెంకుల అందం చూసి కాదు, అరుగులూ నీడా ఉండబట్టి.

గోదావరి జిల్లాల పాత ఇళ్లలో అరుగు సుమారు అడుగున్నర ఎత్తు, మూడడుగుల వెడల్పు. కూర్చుంటే కాళ్లు నేలకు ఆనుతాయి. చూరు అరుగు దాటి ముందుకు వస్తుంది కాబట్టి వాననీరు వీధి కాలువలో పడుతుంది. అదే అరుగు మీద పొద్దున కూరగాయల గంప, సాయంత్రం కుట్టుమిషను. హైదరాబాదు పత్తర్‌గట్టిలో దుకాణాల ముందు రాతి కమానుల నడవా చేసేదీ ఈ పనే, కాస్త దర్జాగా.

అరుగులు పోవడానికి సిమెంటు రోడ్లు పెద్ద కారణం. పాతది తవ్వకుండా దాని మీదే ఆరంగుళాల కాంక్రీటు పోస్తారు. మూడుసార్లు పోస్తే 18 అంగుళాలు, అంటే అరుగు రోడ్డుతో సమం. ఆ తర్వాత వాననీరు గడప దాటుతుంది, ఇంటాయన అరుగు పగలగొట్టి గోడ లేపుతాడు. ఆయన తప్పేముంది? పాత పొర తీశాకే కొత్తది వేయాలనీ, పూర్తయిన రోడ్డు మట్టం పాత మట్టాన్ని మించకూడదనీ టెండరులోనే రాయాలి. పని అయ్యాక గడపల దగ్గర కొలిచి బిల్లు చెల్లించాలి.

ఇళ్లవాళ్లు చేసే పొరపాటూ ఉంది. అరుగును మురుగుకాలువ మీదికి జరిపితే పూడిక తీయడానికి దారుండదు. అరుగు సొంత హద్దులోనే, ఇంటి ముందు వదలాల్సిన ఖాళీలోనే ఉండాలి. ప్రహరీకి బదులు అక్కడ అరుగూ చూరూ కట్టుకోవచ్చని భవన నిబంధనలు స్పష్టంగా చెప్పాలి. కాలువ మీద ఎత్తి తీయగల పలకలు చాలు. ఫుట్‌పాత్‌కు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ) చెప్పే 1.8 మీటర్ల అడ్డులేని వెడల్పు కాలువ అవతల ఉండాలి. అందులో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె కడితే ఆ కొలతకు అర్థం లేదు.

ఉత్తర దక్షిణాలుగా సాగే 6 మీటర్ల వీధిలో, 7 మీటర్ల ఎత్తు ఇళ్ల నీడ మే నెలలో మధ్యాహ్నం మూడు గంటలకే దాదాపు వీధంతా పరుచుకుంటుంది. తూర్పు పడమర వీధులకు ఆ సుఖం లేదు, అక్కడ చెట్లు తప్పవు. వంద మీటర్లకో అడ్డసందు వదిలి, మూలమీది ఇళ్లలో కింద కిరాణా, ఇస్త్రీ, మందుల షాపు పెట్టుకోనిస్తే అయిదు నిమిషాల నడకలో పని అవుతుంది. వెల్డింగు షెడ్లు, గ్యాస్ గోదాములు మాత్రం వద్దు.

లేఅవుట్‌లో ఉమ్మడిగా వదిలే స్థలం సాధారణంగా ఎవరూ కొనని మూల ముక్క. అనుమతి ఇచ్చేటప్పుడే దాన్ని ఈ సందులు కలిసే చోటికి మార్పించి, ఒక రావిమొక్క నాటించి, చుట్టూ అడుగున్నర ఎత్తున రచ్చబండ కట్టించాలి.

– ఒక ఆర్కిటెక్టు, రాజమహేంద్రవరం