ఆసుపత్రి గేటు దాటాక వృద్ధులకు ఆసరా ఏదీ?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

డెబ్బయ్యేళ్లు దాటినవారికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల వరకు ఉచిత వైద్యం అందేలా కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ భారత్ పథకాన్ని విస్తరించినప్పుడు ఎంతో ఊరట చెందినవారిలో నేనూ ఒకరిని. మా అమ్మకు ఎనభై ఏడేళ్లు. ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసిన నాకు అరవై ఆరు. పద్మారావునగర్‌లో మేమిద్దరమే ఉంటాం. గత చలికాలంలో అమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నప్పుడు ఆ కార్డే అక్కరకొచ్చింది. ఆపరేషన్‌కు మేము పైసా కట్టలేదు. ఆ మేలు ఎన్నటికీ మరువను. అది ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆరో రోజున అమ్మను డిశ్చార్జి చేశారు. చేతికిచ్చిన కాగితంలో రెండు గంటలకోసారి పక్క మార్చాలని, విరిగిన కాలి మీద భారం పడనివ్వకూడదని, రోజూ ఫిజియోథెరపీ చేయించాలని, పడకపుండ్లు రాకుండా జాగ్రత్త పడాలని రాసి ఉంది. అవన్నీ ఎలా చేయాలో మాత్రం ఎవరూ చూపించలేదు. ఆ రాత్రి పన్నెండు గంటలప్పుడు అమ్మ భుజాల కింద చేతులు పెట్టి పక్కకు తిప్పబోతే ఆమె పెట్టిన కేక ఇంకా నా చెవుల్లో ఉంది. తెల్లారేసరికి నా నడుము పట్టేసింది. మూడో రోజుకు అమ్మ మడమ దగ్గర రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కందిపోయింది. పడకపుండు అలాగే మొదలవుతుందని నాకు అప్పటికి తెలియదు.

చివరికి ఒక ఏజెన్సీకి ఫోన్ చేసి, నెలకు రూ.26 వేలకు ఒప్పుకుని, ఒక అమ్మాయిని పెట్టుకున్నాం. మహబూబాబాద్ జిల్లా నుంచి వచ్చిన ఆ అమ్మాయి గంట తిరగకముందే పాత దుప్పటి ఒకటి అడిగి తీసుకుని, నాలుగు మడతలు వేసి అమ్మ నడుము కింద పరిచి, "అవ్వను పట్టి గుంజొద్దమ్మా, దుప్పటిని పట్టి తిప్పాలె" అంటూ రెండో కొస నా చేతికిచ్చింది. అమ్మ మూలగనైనా లేదు. మోకాళ్ల మధ్య ఒక దిండు, పిక్కల కింద మరొక దిండు పెట్టి, మడమ పరుపుకు తగలకుండా చేసింది. పది రోజుల్లో ఆ ఎరుపు పోయింది. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగితే, అంతకు ముందు పనిచేసిన ఇంట్లో ఇంకో ఆయమ్మను చూసి నేర్చుకున్నానని చెప్పింది. ఆమెకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు, చేతిలో సర్టిఫికెట్టేదీ లేదు. ఏజెన్సీ తన వాటా పట్టుకోగా రాత్రింబగళ్ల చాకిరీకి ఆమెకు మిగిలేది నెలకు రూ.17 వేలు.

ఆయుష్మాన్ పథకం డిశ్చార్జి తర్వాత 15 రోజుల వరకు అయ్యే ఖర్చులకు వర్తిస్తుంది. తుంటి విరిగిన ముసలి మనిషి మంచం దిగి నాలుగడుగులు వేయడానికి నెలలు పడుతుంది. పక్షవాతం వచ్చినవారికి, మతిమరుపు జబ్బుతో సొంత బిడ్డలనే గుర్తుపట్టలేని స్థితికి చేరినవారికి అది ఏళ్ల తరబడి సాగే వ్యవహారం. ఆ ఏళ్లన్నిటిలో వారికి కావలసింది పట్టుకుని లేపి కూర్చోబెట్టేవారు, స్నానం చేయించేవారు. అటువంటి సేవను ఇంటికి వచ్చి అందించడం ప్రభుత్వ బాధ్యత అని, అది పొందడం వృద్ధుల హక్కు అని మన దేశంలో ఏ జాతీయ పథకమూ ఇంతవరకు ఒప్పుకోలేదు. డబ్బున్నవారు ఏజెన్సీని పిలుస్తారు. లేనివారి ఇళ్లల్లో కోడలో కూతురో పని మానేస్తుంది. మా వీధిలోనే టైలరింగ్ షాపు నడుపుకునే ఒకావిడ అత్తగారికి పక్షవాతం రావడంతో రెండేళ్ల క్రితం షాపు మూసేసింది. ఆ ఇంటికి తగ్గిన రాబడిని ఎవరూ లెక్కలో రాసుకోరు.

ఈ కష్టం పెరిగేదే తప్ప తగ్గేది కాదు. 2011 జనాభా లెక్కల్లో 60 ఏళ్లు పైబడినవారు 10.38 కోట్లు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి, ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ కలిసి 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022 నాటికి వారు 14.9 కోట్లు, 2050 నాటికి 34.7 కోట్లకు, అంటే దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరికి చేరుకుంటారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ సంతానోత్పత్తి రేటు, అంటే ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య, 1.8. మా అమ్మకు మేం నలుగురం పిల్లలం, నాకు ఒక్కడే కొడుకు, వాడు ఉద్యోగరీత్యా పుణేలో ఉన్నాడు. ఒక్కొక్కరికి ఎక్కువమంది పిల్లలుంటే ఈ సమస్యే ఉండదని అనేవారున్నారు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను పొరుగు రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తివేసింది కూడా. ఆ నిబంధన ఎత్తివేయడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఈరోజు పుట్టే బిడ్డ అక్కరకు రావడానికి పాతికేళ్లు పడుతుంది, మంచంలో ఉన్నవారు అంతకాలం ఆగలేరు.

మన చట్టం కూడా భారమంతా బిడ్డల మీదే మోపింది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్ ముందు, వకీలు అవసరం లేకుండా, వృద్ధులు తామే ఫిర్యాదు చేసుకోవచ్చు. పిల్లలు చూసుకుంటారన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, వారు మాట తప్పితే తిరిగి తీసుకోవచ్చు. ఆ సెక్షన్‌ను వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా అన్వయించాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అది మంచి చట్టమే. అయితే ట్రిబ్యునల్ ఇప్పించగల భరణానికి అది పెట్టిన గరిష్ఠ పరిమితి నెలకు రూ.10 వేలు. మేము ఏజెన్సీకి కట్టేదాంట్లో అది సగం కూడా కాదు. ఆ పరిమితిని తీసివేయడానికి, ఇంటికి మనుషులను పంపే సంస్థలు తప్పనిసరిగా నమోదు చేసుకుని కనీస ప్రమాణాలు పాటించేలా చేయడానికి 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. స్థాయీ సంఘానికి వెళ్లిన ఆ బిల్లు చట్టం కాకుండానే 17వ లోక్‌సభతోపాటు మురిగిపోయింది. మా ఇంటికి వచ్చిన అమ్మాయికి శిక్షణ ఎందుకు లేదో, ఆమె జీతంలో ఏజెన్సీ ఎంత పట్టుకోవచ్చో అడిగే నాథుడు ఎందుకు లేడో నాకు అప్పుడు అర్థమైంది.

పింఛన్ల సంగతి అందరికీ తెలిసిందే కనుక ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ఇందిరాగాంధీ జాతీయ వృద్ధాప్య పింఛనులో 60 నుంచి 79 ఏళ్లవారికి కేంద్రం ఇచ్చే వాటా నెలకు రూ.200. పాలప్యాకెట్ ధర ఎన్నిసార్లు పెరిగినా అది పెరగలేదు. తెలంగాణలో 2019లో రూ.2,016 అయిన ఆసరా పింఛను రాష్ట్రం భరిస్తున్నది కాబట్టే ఎన్నో ఇళ్లల్లో ముసలివారి మందులు ఆగకుండా ఉన్నాయి.

జర్మనీ 1995లో, జపాన్ 2000లో దీర్ఘకాలిక సంరక్షణ కోసమే ప్రత్యేక సామాజిక బీమాలు తెచ్చాయి. జపాన్‌లో ఖర్చులో సగం పన్నుల నుంచి, సగం 40 ఏళ్లు దాటినవారు కట్టే ప్రీమియం నుంచి వస్తుంది. మనిషి ఎంత అశక్తుడో మదింపు చేసి, వారానికి ఎన్నిసార్లు ఎవరు ఇంటికి వెళ్లాలో ప్రణాళిక వేస్తారు. జర్మనీలో ఇంట్లోవాళ్లే చూసుకుంటే వారికి నగదు ఇస్తారు, అలా చూసుకునేవారి పింఛను ఖాతాకు చందా కూడా బీమా నిధి నుంచే కడతారు. మా వీధి టైలరమ్మ గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆ చందా మాటే గుర్తొస్తుంది. మనది అంత సంపన్న దేశం కాదని అంటారు, నిజమే. కానీ మన దేశంలోనే కేరళ 2008లో పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బులున్నవారి బాధ తగ్గించే సంరక్షణ) విధానం ప్రకటించి, స్థానిక సంస్థల ద్వారా నర్సులను మంచంలో ఉన్న రోగుల ఇళ్లకు పంపుతోంది. దానికి కావలసింది ఒక నర్సు, ఒక వాహనం, రాగలిగిన పొరుగువారు.

మనకూ కొత్తగా భవనాలు కట్టవలసిన పనిలేదు. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి. మా ఇంటికి అయిదు నిమిషాల నడకలో ఒకటుంది. అక్కడి నర్సు బీపీ, షుగర్ చూసి మందులిస్తుంది, ఎంతో ఓర్పుగా మాట్లాడుతుంది. కానీ అక్కడికి నడిచి వెళ్లగలిగినవారికే ఆ సేవ అందుతుంది. 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమంలో కదలలేనివారి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వెళ్లాలన్న మాట ఉంది. దాన్ని అమలు చేయడానికి ప్రతి దవాఖానాకు మరొక నర్సును ఇచ్చి, ఆ బస్తీలో మంచంలో ఉన్నవారి జాబితా రాయించి, నెలకు రెండుసార్లయినా ఇంటికి పంపితే చాలు. పుండు మొదలైందేమో ఆమె చూస్తుంది, దుప్పటితో పక్క ఎలా మార్చాలో ఇంట్లోవాళ్లకు ఆమే నేర్పుతుంది. 1975లో పిల్లల కోసం అంగన్‌వాడీలు మొదలుపెట్టి ఊరూరికీ తీసుకెళ్లగలిగిన దేశానికి ఇది శక్తికి మించిన పని కాదు. ఆయాలుగా పనిచేస్తున్న మహిళలకు ఆరు నెలల శిక్షణ, ప్రభుత్వ ధ్రువపత్రం, వారానికి ఒక సెలవు, నిర్ణీత కనీస వేతనం ఇప్పించే బాధ్యతను కేంద్రం తీసుకోవాలి. పార్లమెంటులో 2019 నాటి బిల్లును మళ్లీ తెచ్చేటప్పుడు ఈ అంశాన్ని వదిలేయవద్దని మన రాష్ట్ర ఎంపీలందరినీ పేరుపేరునా వేడుకుంటున్నాను.

మా ఇంట్లో ఉండే అమ్మాయి అత్తగారికి డెబ్బయి దాటాయి. ఊళ్లో ఒంటరిగా ఉంటోంది, చూపు సరిగా ఆనదు. ఈ అమ్మాయి ప్రతి రాత్రి తొమ్మిదింటికి, అమ్మకు పక్క మార్చాక, వంటింటి గడప మీద కూర్చుని పక్కింటివాళ్లకు ఫోన్ చేసి అత్త తిన్నదా లేదా అని అడుగుతుంది. మొన్న వాళ్లు రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు పొద్దున్నే నేను సెలవిచ్చి బస్సెక్కించాను; ఆమె తిరిగొచ్చేదాకా నాలుగు రోజులు ఆ దుప్పటి రెండో కొస పట్టుకోవడానికి మాకు మనిషి దొరకలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
పద్మారావునగర్, హైదరాబాద్.