రాజీకి, నైట్ డ్యూటీ దిగాక

దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్
ఆదివారం మధ్యాహ్నం

ఏమే రాజీ,

నైట్ దిగొచ్చి ఓ కునుకు తీసి, చాయ్ పెట్టుకుని కూర్చున్నా. మా హాస్టల్లో నీళ్లు పన్నెండింటికే అయిపోయాయి, ఆ గోల ఎందుకులే. అమెరికాలో నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్‌కి ఏ పుస్తకం చదవాలని అడిగావు కదా. పుస్తకాలకేం, అమీర్‌పేటలో కుప్పలు. నాకు ఎక్కడ దెబ్బ పడుతోందో చెప్తా, నీకు అదే పనికొస్తుంది.

2023 ఏప్రిల్ నుంచి పరీక్ష మారింది. కనీసం 85 ప్రశ్నలు, ఎక్కువైతే 150, టైము 5 గంటలు. సెంటర్ ఇక్కడే ఉంది, రాయడానికి వేరే ఊరు పోనక్కర్లేదు. అసలు కథ కేస్ స్టడీల్లో ఉంది. మార్కులకు లెక్కేసేవి మూడు, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు. పేషెంటు ఒక్కరే, గంట గంటకీ పరిస్థితి మారుతుంటుంది. ఏం కనిపించింది, దానర్థం ఏంటి, ఏది ముందు ప్రమాదం, ఏం చేయొచ్చు, ఏం చేస్తావు, చేశాక ఫలితం ఉందా అని వరసగా అడుగుతారు. దీన్నే క్లినికల్ జడ్జిమెంట్ అంటారు.

మొన్న మాక్ టెస్టులో ఒక కేసు. రక్తం ఎక్కిస్తున్నారు, పది నిమిషాలకే పేషెంటుకు చలి వణుకు, నడుం నొప్పి, అంటే ఆ రక్తం పడట్లేదన్నమాట. ముందు ఏం చేస్తావు అంటే నేను కళ్లు మూసుకుని "డాక్టర్‌కి చెప్తా" అని పెట్టేశా. తప్పు! ముందు రక్తం ఆపాలి, ట్యూబు మార్చి సెలైన్ పెట్టాలి, ఆ తర్వాత ఫోన్. నిజమే కదే, ఫోన్ ఎత్తేలోపు ఇంకెన్ని చుక్కలు లోపలికి పోతాయి? వార్డులో అయితే నా చేయి దానంతటదే ట్యూబు మూసే క్లాంపు మీదికి పోయేది. కాగితం మీద మాత్రం ఆర్డర్ కోసం ఎదురుచూస్తా. మనకి అలా అలవాటు చేశారు.

వార్డులో మాత్రం అన్నీ సరిగ్గా చేస్తున్నానా అంటే, అదీ లేదు. ఈ వానల్లో డెంగీ కేసులు ఎలా ఉంటాయో నీకు తెలుసు. డిగ్రీ కుర్రాడు ఒకడు, అయిదో రోజు జ్వరం దిగింది. వాళ్లమ్మ సంబరపడి "ఇంటికి ఎప్పుడు పంపుతారు సిస్టర్" అని ఒకటే అడగడం. అందరి కళ్లూ ప్లేట్‌లెట్ల మీదే. నాలుగింటికి బీపీ 104/78 అని చార్టులో రాసి పక్క మంచానికి వెళ్లిపోయా. ఆరింటికి చూస్తే 100/84. చేతులు చల్లగా ఉన్నాయి, కడుపు నొప్పి అంటున్నాడు, ఒక్క చోట పడుకోలేకపోతున్నాడు. పైదానికీ కిందిదానికీ తేడా 16! ఆ తేడా ఇలా తగ్గిపోతోందంటే షాక్ వస్తోందని, అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తిరగట్లేదని గుర్తు. పై అంకె బాగానే ఉందని ఊరుకుంటే మునిగిపోయేవాళ్లం. జ్వరం దిగాకే డెంగీలో రక్తనాళాల్లోంచి నీరు కారి షాక్‌లోకి పోతారని ఇద్దరం కలిసే చదివాం, గుర్తుందా? వెంటనే డ్యూటీ డాక్టర్‌ని పిలిచా, ఫ్లూయిడ్స్ పెంచారు, తెల్లారేసరికి కుర్రాడు ఇడ్లీ అడిగాడు.

కానీ నాలుగింటికే తేడా 26కి వచ్చింది కదే. నా చేత్తోనే రాశా. రాయడం అయితే అయింది, చదవలేదు. చార్టు నింపితే పని అయిపోయినట్టే అనుకుంటాం. రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడాలని ఎవరూ చెప్పకపోలేదు, నాకే ఆ పూట తోచలేదు. కేస్ స్టడీలో అడిగే ఆ ఆరు మెట్లలో నాకు ఎప్పుడూ జారేది ఆ రెండోదే, "దానర్థం ఏంటి" అన్నదే అని అప్పుడు అర్థమైంది.

ఇంకోటి, వర్తించేవన్నీ ఎంచుకోమనే ప్రశ్నల్లో ఇప్పుడు కొంత సరైనా కొంత మార్కు ఇస్తారు. అలాగని అన్నీ టిక్ పెట్టకు, తప్పు వాటికి కోస్తారు.

నీకు ఐసీయూ అనుభవం ఉంది, నాకు లేదు. అందుకని ఒక పని చేద్దాం. ఆదివారం రాత్రి ఫోన్లో నువ్వు పేషెంటు సంగతి ముక్కలు ముక్కలుగా చెప్పు. నేను జవాబు చెప్తే అక్కడితో వదలకు, "ఎందుకు" అని అడుగు. నేను మళ్లీ "డాక్టర్‌కి చెప్తా" అంటే తిట్టు, మొహమాటపడకు.

ఈ వారం షుగర్ పేషెంటు కేసు మాత్రం వద్దే, నిన్ననే అలాంటివి నాలుగు ప్రాక్టీసు చేశా.

నీ
శాంతి