సృష్టి సంరక్షణ కమిటీ వార్షిక నివేదిక, 2024–25

ప్రభువునందు ప్రియమైన సంఘ పెద్దలకు, స్త్రీల సమాజపు అక్కలకు, యౌవనస్తులకు, సభ్యులందరికీ వందనాలు.

నిరుడు సర్వసభ్య సమావేశంలో ఈ కమిటీని వేసినప్పుడు కొందరు నవ్వుతూ దీనికి "మొక్కల కమిటీ" అని పేరు పెట్టారు. మొక్కలు నాటిన మాట నిజమే. కానీ ఏడాది తిరిగేసరికి మా పని ఎక్కువగా నీడ, తాగునీళ్లు, వంటశాల, కరెంటు బిల్లు, పొగాకు బ్యారన్ల (ఆకును వేడితో ఆరబెట్టే గదుల) చుట్టూనే తిరిగింది. అందుకు కారణముంది. మన సంఘంలో సగానికి పైగా కుటుంబాలు కూలికి పోయేవి. కార్లు తగ్గించండి, ఏసీలు ఆపండి అని వాళ్లకు చెప్పబోతే నవ్విపోతారు. వాళ్ల పొయ్యి నుంచి గాలిలోకి పోయే పొగ ఎంత, వాళ్ల నెత్తిన పడే ఎండ ఎంత? కాబట్టి ఏ పని తలపెట్టినా అది కూలివాళ్ల ఎండనైనా తగ్గించాలి, ఇంటి ఖర్చునైనా తగ్గించాలి, ఈ రెండూ కాని పని మనకొద్దని మొదటి కూటంలోనే అనుకున్నాం. ఈ నివేదికను కూడా ఆ లెక్కతోనే చదవండి.

ముందు ఎండ సంగతి. లెక్కలు రాసిపెట్టడం మొదలైన దగ్గర్నుంచి ప్రపంచం మొత్తం మీద అన్నిటికన్నా వేడిగా గడిచిన ఏడాది 2024 అని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. ఫ్యాక్టరీలు రాకముందు కాలంతో పోలిస్తే సగటు వేడి 1.5 డిగ్రీలకు కాస్త పైనే పెరిగింది. ఆ ఒకటిన్నర డిగ్రీ వింటే చిన్నదిగా ఉంటుంది. మన జిల్లాలో మే నెలలో మిరప కల్లంలో పని చేసినవాళ్లకు మాత్రం దాన్ని వివరించి చెప్పాల్సిన పని లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఆదివారపు ఆరాధనను ఉదయం ఏడు గంటలకు మార్చాం. మొదట్లో గొణుగుడు వినిపించినా జూన్ వచ్చాక పాత వేళకు పోదామన్నవాళ్లు తక్కువే. మందిరం శ్లాబుకు తెల్ల సున్నం పూయించాం. ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే కనబడింది. పక్క వీధి మూడు ఇళ్లవాళ్లు కూడా చూసి పూయించుకున్నారు. బస్టాపు దగ్గర మన చలివేంద్రంలో ఈసారి ప్లాస్టిక్ నీళ్ల ప్యాకెట్లు పంచలేదు, మట్టి కుండలు పెట్టాం. తాగి పారేసిన ప్యాకెట్లు మురుగు కాలువకు అడ్డం పడటం కూడా దాంతో తప్పింది.

ఉపాధి హామీ పనికి వెళ్లే అక్కలతో ఒక సాయంత్రం కూర్చున్నాం. పని జరిగే చోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని చట్టమే చెబుతోందని చాలామందికి తెలియదు. అది అడిగి తీసుకోవాల్సిన హక్కు, ఎవరో దయతో ఇచ్చేది కాదు. ఆ మాట చెప్పినందుకు మాకొచ్చిన కృతజ్ఞత, ఏడాది మొత్తంలో మరే పనికీ రాలేదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఉప్పు వేసిన మజ్జిగ, వడదెబ్బ గుర్తుల గురించి మన సంఘంలోని నర్సు అమ్మాయి చక్కగా వివరించింది.

ఇక మొక్కలు. సమాధుల తోట చుట్టూ వేప, కానుగ మొక్కలు, చెరువు గట్టున తాటి టెంకలు నాటాం. మేకల వల్ల, ఎండ వల్ల మొక్కల్లో సగం పోయాయి. ముళ్లకంప కట్టిన చోట బతికాయి. తాటి టెంకలు మాత్రం ఎవరి పలకరింపూ లేకుండానే మొలిచాయి. మన తీరానికి తాడిని మించిన చెట్టు లేదని పెద్దలు ఊరికే అనలేదు. గాలివానకు నిలబడుతుంది, నీళ్లు అడగదు, ముంజెలు ఇస్తుంది. ఫోటోకు బాగుంటాయని పూలమొక్కలు తెచ్చే ఆలోచన కొందరికుంది. మా అభిప్రాయంలో అది వృథా.

ప్రేమవిందు (సంఘమంతా కలిసి చేసే భోజనం) విషయంలో పెద్ద చర్చే జరిగింది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్‌తో పాటు 100 మైక్రాన్ల కన్నా పలుచని ఫ్లెక్సీలను కూడా దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధించారు. అంటే క్రిస్మస్‌కు థర్మోకోల్‌తో చేసే పశువుల పాక, మెరుపుల నక్షత్రం రెండూ చట్ట ప్రకారం తప్పే. ఈసారి యౌవనస్తులు పాకను వరిగడ్డితో, తాటాకుతో కట్టారు. అసలు బేత్లెహేము పాకకు అదే దగ్గరగా ఉందని అందరూ ఒప్పుకున్నారు. పళ్లాల దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. స్టీలు పళ్లాలు కొందామని స్త్రీల సమాజం అంది. వాటిని కడగడానికి మార్చి దాటాక నీళ్లేవని వంటవాళ్లు అడిగారు. ఇద్దరి మాటా సబబే. చివరకు వానాకాలం, చలికాలం విందులకు స్టీలు పళ్లాలు, ఎండాకాలం విందులకు మోదుగ విస్తర్లు అని తీర్మానించాం. మిగిలిన అన్నం కూరలను డబ్బాల్లో సర్ది, రాలేకపోయిన ముసలివాళ్ల ఇళ్లకు పంపే పని ఆదివారపు బడి పిల్లలు తీసుకున్నారు. అయిదు వేలమందికి పెట్టాక కూడా మిగిలిన ముక్కలు నష్టపడకుండా పోగుచేయించిన ప్రభువును మనం కొలుస్తున్నాం కదా.

ఫ్లెక్సీల గురించి ఒక్క మాట. మన పాస్టరు అయ్యగారి పుట్టినరోజుకు వేయాల్సిన ఫ్లెక్సీని అయ్యగారే వద్దన్నారు. ఆ డబ్బుతో ఊళ్లోని పెయింటరు చేత గుడ్డ బ్యానరు రాయించాం. ఉజ్జీవ కూటాలకు తేదీ మార్చి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు.

ఈ కమిటీ పని మీద అభ్యంతరాలు వచ్చాయి. వాటిని దాచడం సరికాదు. ఇది లోకసంబంధమైన పని అనీ, భూమి అగ్నిచేత కాలిపోతుందని పేతురు రెండో పత్రికలో ఉందనీ, కాలిపోయేదాన్ని కడిగి ఏం లాభమనీ ఒక పెద్దాయన గట్టిగానే అడిగారు. అయ్యగారు దానికి మూడు ఆదివారాలు వాక్యం చెప్పారు. ఏదెను తోటలో నరుణ్ని ఉంచింది దాన్ని సేద్యపరచడానికీ కాయడానికీ అని ఆదికాండం రెండో అధ్యాయం చెబుతుంది. సృష్టి అంతా ప్రసవవేదన పడుతోందని పౌలు రోమా సంఘానికి రాశాడు. జలప్రళయం రాబోతోందని నోవహుకు తెలుసు. అయినా జంతువుల్ని, పక్షుల్ని ఓడలోకి తీసుకోమన్నది దేవుడే. ప్రభువు రాకడ దగ్గరపడిందని పని మానేసిన థెస్సలొనీక వాళ్లను పౌలు మెచ్చుకోలేదు, పనిచేయనివాడు భోజనం చేయకూడదన్నాడు. మా కమిటీలో ఒక అక్క ఇంకా సూటిగా చెప్పింది: కొత్తిల్లు కట్టిస్తానని నాన్న మాట ఇచ్చాడని, ఉన్న ఇంటి కప్పు కారుతుంటే పిల్లల్ని తడవనిస్తామా? ఆ పెద్దాయన పూర్తిగా ఒప్పుకోలేదు. అయినా చలివేంద్రానికి రెండు కుండలు కొనిచ్చారు.

ఇది ఏ ఒక్క సంఘానికో వచ్చిన కొత్త బోధ కూడా కాదు. ఆర్థడాక్స్ సంఘాల పెద్ద ప్యాట్రియార్క్ దిమిత్రియోస్ 1989లో సెప్టెంబరు 1ని సృష్టి కోసం ప్రార్థించే దినంగా ప్రకటించారు. ఇప్పుడు చాలా సంఘాలు ఆ రోజు నుంచి అక్టోబరు 4 దాకా సృష్టి కాలంగా పాటిస్తున్నాయి. రోమన్ కథోలికుల పోపు ఫ్రాన్సిస్ 2015లో ఈ విషయంపైనే ఒక పరిపత్రం (సంఘాలన్నిటికీ పంపే లేఖ) రాశారు. సువార్త సంఘాల వాళ్లు 2010లో కేప్‌టౌన్‌లో కూడినప్పుడు సృష్టి సంరక్షణను విశ్వాసంలో భాగంగా రాసుకున్నారు. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర బృందం మొదటి నివేదికలను నడిపించిన సర్ జాన్ హౌటన్ కూడా ప్రార్థనాపరుడైన క్రైస్తవుడే. సైన్సుకూ విశ్వాసానికీ పొత్తు కుదరదనేవాళ్లకు ఆయన జీవితమే జవాబు. సెప్టెంబరులో ఊళ్లోని ఆర్‌సీఎం (రోమన్ కథోలిక్) యువతతో కలిసి ఒక సాయంత్రం ప్రార్థన చేశాం. మన మందిరంలో వాళ్లతో కలిసి మోకరించడం చాలామందికి అదే మొదటిసారి.

ఆ మరుసటి వారం యౌవనస్తులను బకింగ్‌హాం కాలువ గట్టు మీదికి తీసుకెళ్లాం. నిజం చెప్పాలంటే ఈ ఏడాది మాకు అన్నిటికన్నా నచ్చిన కార్యక్రమం ఇదే. 1876లో రుతుపవనాలు తప్పాయి. పసిఫిక్ సముద్రంలో ఎల్ నినో (అక్కడి నీళ్లు మామూలుకన్నా వేడెక్కి మన వానల్ని దెబ్బతీసే స్థితి) బలంగా ఉన్న ఏళ్లవి. మద్రాసు రాజధాని అంతటా కరువు పడి లక్షలమంది చచ్చిపోయారు. ఒంగోలులో ఉన్న అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు యవ్వనంలో భూమి సర్వే పని చేసినవాడు. ఆయన కరువు పనిగా ఈ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కంట్రాక్టుకు తీసుకున్నారు. వేలమందికి కూలి దొరికింది. అన్నం కోసం విశ్వాసంలోకి వచ్చారన్న మాట రాకూడదని, కరువు పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. కరువు సడలాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన ముత్తాతలు, వాళ్ల తండ్రులు ఆ మనుషుల్లోని వాళ్లే. మాదిగపల్లెల నుంచి పలుగూ పారా పట్టుకొచ్చిన కూలీలు. వాన తప్పితే ముందు ఆకలి ఎవరి గుమ్మం తొక్కుతుందో మన సంఘానికి పుట్టుకతోనే తెలుసు. పర్యావరణం పడమటి దేశాల ఫ్యాషన్ అనేవాళ్లకు మేం ఈ కాలువనే చూపిస్తాం.

కాలువ ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయింది, గుర్రపుడెక్క నిండింది. ఆ రోజు పిల్లలు ఒక సైన్సు ప్రశ్న అడిగారు: వానలు తగ్గాయంటారు, మళ్లీ వరదలు ఎక్కువయ్యాయంటారు, రెండూ ఎలా కుదురుతాయి? గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. అందుకే వాన కురిసే రోజులు తగ్గుతాయి, కురిసినప్పుడు కుమ్మరిస్తుంది. 2021 నవంబరులో పెన్న పొంగి నెల్లూరు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోవడం, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చి మన పొలాల్లో పంట నీట మునగడం అందరికీ గుర్తే.

అన్నిటికన్నా కష్టమైన విషయం బ్యారన్లు. పొగాకు మన ప్రాంతపు అన్నం. కోతపండుగ కానుకల్లో పొగాకు డబ్బు ఎంత ఉందో మనకు తెలియనిది కాదు. క్యూరింగులో (బ్యారనులో ఆకును ఆరబెట్టడంలో) మొదట 35–38 డిగ్రీల దగ్గర ఆకు పండాలి. తర్వాత మెల్లగా పెంచుతూ కాడ ఆరేసరికి 70 డిగ్రీల దాకా తీసుకుపోవాలి. వారం దాకా పొయ్యి ఆరకూడదు. కిలో పొగాకుకు నాలుగైదు కిలోల కట్టెలు పడతాయని లెక్క. పంట మానేయండని చెప్పడానికి మాకు నోరు రాలేదు, రాకూడదు కూడా. బ్యారను యజమాని వేరే పంటకు మారి బతకగలడేమో, ఆకు కోసి కర్రలకు కట్టే కూలీ ఆ రెండు మూడు నెలల పని పోతే ఎక్కడికి పోతుంది? అందుకని రైతులతో రెండే విషయాలు మాట్లాడాం. ఒకటి, తలుపు సందులు, కప్పు సందులు పూడ్చి వేడి బయటికి పోకుండా చూడటం. రెండు, వేప, చింత, మామిడి చెట్ల జోలికి పోకుండా చిల్లచెట్లు (సర్కారు తుమ్మ), సుబాబుల్, జామాయిల్ కట్టెలే కొనడం. చిల్లచెట్లు చెరువు గట్లను, పోరంబోకు బీళ్లను ఆక్రమించి ఇంకో మొక్కను బతకనివ్వవు. కొట్టినా నష్టం తక్కువ. ముగ్గురు రైతులు సందులు పూడ్పించారు. వచ్చే సీజనులో కట్టెలు తూకం వేసి పుస్తకంలో రాసి ఉంచుతామన్నారు. పొగాకు మీద సంఘం ఏ వైఖరి తీసుకోవాలన్న పెద్ద ప్రశ్న ఇంకా అలాగే ఉంది. దాన్ని కమిటీ ఒక్కటే తేల్చలేదు, మీరందరూ మాట్లాడాలి.

ప్రకృతి వ్యవసాయంలో నలుగురు సభ్యులు వరికి ఘనజీవామృతం, ద్రవజీవామృతం వాడుతున్నారు. యూరియా బస్తాల ఖర్చు తగ్గిందని చెబుతున్నారు.

కరెంటు విషయం. మందిరంలో పాత ఫ్యాన్లు ఒక్కొక్కటి 75 వాట్ల దాకా లాగేవి. వాటి స్థానంలో 30 వాట్ల లోపే తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టాం, బల్బులన్నీ ఎల్‌ఈడీ చేశాం. పైకప్పు మీద సోలారు పెడదామన్న ప్రతిపాదన వచ్చింది. కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ నివాస గృహాలకే గనుక మందిరానికి వర్తించదు. సొంత ఇల్లున్న సభ్యులకు మాత్రం 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా వస్తుంది. ఆన్‌లైనులో దరఖాస్తు నింపడం తెలియనివాళ్లకు యౌవనస్తులు శనివారాలు సాయం చేస్తున్నారు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారిగారు మందిరం నోటీసు బోర్డుకు అంటించారు. సున్నం, ఫ్యాన్లు, స్టీలు పళ్లాలు, మొక్కలకు కంచె ముఖ్యమైన ఖర్చులు. ప్రత్యేక కానుకలిచ్చిన కుటుంబాలు పేర్లు వద్దన్నాయి గనుక ఇక్కడ రాయలేదు.

వచ్చే ఏడాదికి ఆమోదం కోరుతున్నవి మూడు: మందిరం శ్లాబు మీద వాననీళ్లు పక్కనే ఎండిన బోరు దగ్గర ఇంకుడు గుంటలోకి మళ్లించడం, సెప్టెంబరు ప్రార్థనలకు ఆర్‌సీఎం వాళ్లతో పాటు లూథరన్ సంఘాన్నీ పిలవడం, బ్యారన్ల గురించి రైతులూ కూలీలూ ఒకేచోట కూర్చునే కూటం. మూడోది వద్దన్న సభ్యులు కూడా ఆ రోజు తప్పక రావాలని మనవి.

సమాధుల తోటలో బతికిన మొక్కలకు ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు పోసే వంతుల పట్టిక తయారైంది. ఆదివారం ఆరాధన అయ్యాక కార్యదర్శి దగ్గర పేర్లు ఇవ్వండి. మంగళవారం, శుక్రవారం వంతులు ఇంకా ఖాళీగా ఉన్నాయి.

కమిటీ తరఫున,
కార్యదర్శి