స్కానర్ల కంటే ముందు జాబితా కావాలి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

డిగ్రీ కాలేజీలూ, పౌర గ్రంథాలయాలూ రెండూ మీ శాఖ కిందివే. డిగ్రీ విద్యార్థి ప్రతి ఒక్కరూ చేయాల్సిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు 180 గంటలు, 4 క్రెడిట్లు కేటాయించారు. నెల్లూరులోని విక్రమ సింహపురి, ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాల పరిధిలోని పిల్లలు ఈ గంటల్లో ఎక్కువగా సర్వే ఫారాలు నింపి, రిపోర్టు బైండు చేయించి కాలేజీకి ఇచ్చేస్తారు. మార్కులు పడ్డాక దాన్ని తెరిచేవాళ్లు అరుదు. అదే ఊళ్లో శాఖా గ్రంథాలయానికి వెళ్లి ఫలానా పుస్తకం ఉందా అని అడిగితే, చాలాచోట్ల గ్రంథపాలకుడు తన జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పాలి, లేదా బీరువాలన్నీ వెతకాలి. ఆ గంటలను ఈ బీరువాల దగ్గరికి, వాటిలోని పుస్తకాల జాబితా తయారీకి మళ్లించమని అడగడానికే ఈ లేఖ.

గ్రంథాలయాలను బాగుచేయడం అనగానే అందరికీ ముందు డిజిటైజేషన్ గుర్తొస్తుంది. స్కానర్ కొంటే ఫొటో బాగా వస్తుంది, ప్రారంభోత్సవమూ జరుగుతుంది. ఏ పుస్తకాలు ఉన్నాయో తెలియకుండా స్కానింగు మొదలుపెడితే, ఇప్పటికే నెట్‌లో దొరికే పుస్తకాన్నే మళ్లీ స్కాన్ చేస్తాం. జిల్లాలో ఒక్కటే ప్రతి మిగిలిన పుస్తకం మాత్రం చెదలకు పోతుంది. మొదటి పని జాబితా. ఇది విద్యార్థులకు సరిపోయే పని, వేసవి సెలవుల్లో ముగిసే పని.

లెక్క కట్టి చూడండి. ఇద్దరు విద్యార్థుల జంటలో ఒకరు పుస్తకం తెరిచి ముఖపత్రం చదువుతుంటే, ఇంకొకరు టైపు చేస్తారు. కొత్తలో గంటకు ఆరేడు మించవు, చేయి తిరిగాక 12 పుస్తకాలు అవుతాయి. 180 గంటల్లో 30 శిక్షణకు, 30 సరిచూడటానికి తీసేస్తే 120 గంటలు మిగులుతాయి. అంటే జంటకు 1,440 పుస్తకాలు. పది వేల పుస్తకాల శాఖా గ్రంథాలయానికి ఏడు జంటలు, 14 మంది విద్యార్థులు చాలు. రెండు మూడు పాత కంప్యూటర్లు, ఒక యూపీఎస్, మెత్తటి బ్రష్షులు, మాస్కులు, టేబుల్ ఫ్యాన్ కావాలి. ఫ్యాన్ గాలి పుస్తకాల మీదికి కాక కిటికీ వైపుకు తిప్పాలి, లేకపోతే ఒక బీరువాలోని బూజు ఇంకో బీరువాకు చేరుతుంది.

ఈ పని ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. మొదటి దెబ్బ ఎక్సెల్‌లోనే తగులుతుంది. పాత రిజిస్టర్లలో ప్రవేశ సంఖ్య (పుస్తకం గ్రంథాలయంలో చేరినప్పుడు ఇచ్చే సంఖ్య) '3/56' లాగా ఉంటే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది, '00127' ముందున్న సున్నాలు తీసేస్తుంది. ఆ గడిని ముందుగానే 'టెక్స్ట్'గా పెట్టుకోవాలి. కొత్త నంబర్లు ఎప్పుడూ వేయకూడదు. పుస్తకం లోపల సీక్రెట్ పేజీలో, అంటే గుర్తు వేయడానికి గ్రంథాలయం ఎంచుకున్న పేజీలో, స్టాంపు కింద ఉన్న పాత సంఖ్యే ఆ పుస్తకానికి ఆనవాలు, అట్ట పోయినా అదే మిగులుతుంది.

రెండోది అక్షరాల చిక్కు. అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న మన ఎర్రననే తీసుకోండి. ఆయన పేరు ఒక పుస్తకం మీద ఎర్రన, ఇంకోదాని మీద ఎఱ్ఱన, మరోచోట ఎర్రాప్రగడ, ఎర్రాప్రెగ్గడ, శంభుదాసుడు. చదివేవాడికి అందరూ ఒకరే. కంప్యూటరుకు 'ర' వేరు, 'ఱ' వేరు. కంప్యూటర్లు అక్షరాలకు వాడే సంకేతాల పద్ధతి యూనికోడ్‌లో మొదటిది 0సి30, రెండోది 0సి31. 'ఎర్రన' అని వెతికిన విద్యార్థికి 'ఎఱ్ఱన' పుస్తకాలు కనిపించవు, లేవనుకుని వెళ్లిపోతాడు. అందుకే కర్త పేరుకు ఒక ప్రామాణిక రూపం నిర్ణయించి, మిగతా రూపాలన్నీ 'చూడుము' అంటూ దానికి కలపాలి. ముఖపత్రం మీద ఉన్నది ఉన్నట్టుగా వేరే గడిలో రాయాలి. ఇంటిపేరు ముందా, అసలు పేరు ముందా అన్నది కూడా మొదటిరోజే తేల్చుకోవాలి. యూనికోడ్ కాని 'అను' అనే పాత ఫాంట్లలో టైపు చేసిన జాబితాలు ఉంటే యూనికోడ్‌లోకి మార్చి వరుసవరుసగా సరిచూడాలి, అలాగే ఎక్కిస్తే చెత్త అక్షరాలు తప్ప ఏమీ రావు. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల మధ్య కంటికి కనిపించని విభజన గుర్తు ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. దాంతో ఒకే మాట రెండు మాటలైపోతుంది. గ్రంథాలయాల సాఫ్ట్‌వేర్ కోహా వాడితే సూచికను, యూనికోడ్ అక్షరాలను సరిగ్గా గుర్తించే ఐసీయూ పద్ధతిలో అమర్చాలి, లేకపోతే తెలుగు వెతుకులాట కుదరదు. ఇవన్నీ రెండు పేజీల సూచనలుగా అచ్చువేసి ప్రతి బల్ల మీదా ఉంచితే చాలు.

మూడోది ప్రచురణ సంవత్సరం. పాత పుస్తకాల మీద 'ప్రభవ' అని మాత్రమే ఉంటుంది. అది 1927-28 కావచ్చు, 1987-88 కావచ్చు. వెల చూడాలి. అణాల్లో ఉంటే 1957కు ముందుదే అనుకోవచ్చు, ఎందుకంటే ఆ ఏప్రిల్‌లోనే నయాపైసలు వచ్చాయి. ఇలా ఆలోచించి తేల్చిన సంవత్సరాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టాలి, చూసి రాసింది కాదని తెలియడానికి. విషయాన్నిబట్టి ఇచ్చే వర్గ సంఖ్య కూడా రాయాలి: కవిత్వం అయితే 894.8271, నాటకం 894.8272, కథ, నవల 894.8273. డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి ఇవి చాలాచోట్ల సరిపోతాయి. స్థానిక చరిత్రకు మాత్రం అనుభవమున్న గ్రంథపాలకుడు పక్కన కూర్చోవాలి.

అసలు అడ్డంకి ఇవేవీ కాదు. జాబితా తయారైన రోజున, రిజిస్టర్‌లో ఉండి బీరువాలో లేని పుస్తకాలు బయటపడతాయి. వాటి విలువ తన జీతంలోంచి కోస్తారేమోనని గ్రంథపాలకుడికి భయం. ఆ భయంతోనే బీరువాకు తాళం పడుతుంది, విద్యార్థులకు 'తర్వాత రండి' అన్న మాట వస్తుంది. ఇది వాళ్ల తప్పు కాదు. ఇరవై ఏళ్ల కిందట ఎవరో పట్టుకెళ్లిన పుస్తకానికి ఇవాళ ఉన్న మనిషి జవాబు చెప్పడమేమిటి? కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి, 2017లోని 215వ నియమం, ఏడాదిలో చదువరులకు ఇచ్చిన, చూపిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజమే అంటుంది. మోసం, నిర్లక్ష్యం లేనంత వరకు ఇది వర్తిస్తుంది. వెయ్యి రూపాయలు దాటినవీ, అరుదైనవీ అయితే విచారించాల్సిందే అని కూడా చెబుతుంది. విద్యార్థుల తనిఖీలో బయటపడిన నష్టాన్ని ఇదే పద్ధతిలో చూస్తామని మీ శాఖ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. ఆ ఒక్క కాగితం పది స్కానర్ల కంటే ఎక్కువ పని చేస్తుందని మా నమ్మకం.

జాబితా పూర్తయ్యాక స్కానింగు. అప్పుడు ఏది ముందో దానంతటదే తెలుస్తుంది. వెన్ను విరగకుండా 100 నుంచి 110 డిగ్రీలు తెరుచుకునే చెక్క ఆసరా, రెండు వైపులా 45 డిగ్రీల్లో ఎల్ఈడీ దీపాలు, పైన కెమెరా. ఫ్లాష్ వద్దు. చిరిగిన పేజీకి సెల్లోటేపు అంటించొద్దు, లామినేషన్ అసలే వద్దు. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) రంగుల్లో తీస్తే ఏ4 పేజీ కుదించకుండా దాదాపు 26 ఎంబీ అవుతుంది, 200 పేజీల పుస్తకం 5 జీబీ దాటుతుంది. హార్డ్ డిస్కుల లెక్క దీన్నిబట్టి వేయాలి. తర్వాత టెసరాక్ట్ లాంటి సాధనంతో అక్షరాలు గుర్తింపజేసి, మనిషి చదివి దిద్దాలి. పాత అచ్చులో వత్తులూ చుక్కలూ అరిగిపోయి ఉంటాయి, థకూ ధకూ, బకూ భకూ తేడా యంత్రానికి చిక్కదు. దిద్దకుండా వదిలేస్తే, తెర చదివే సాఫ్ట్‌వేర్ వాడే అంధ విద్యార్థికి ఆ పుస్తకం ఉన్నా లేనట్టే.

కాపీరైటు విషయంలో పిల్లల్ని వాళ్ల ఊహకు వదిలేయకూడదు. రచయిత మరణించిన తర్వాతి ఏడాది మొదటి రోజు నుంచి 60 ఏళ్లు గడవాలి. ప్రకాశం పంతులు గారు 1957లో మరణించారు, ఆయన రచనలు 2018 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. కానీ ఆయన ఆత్మకథకు నాలుగో భాగం రాసింది తెన్నేటి విశ్వనాథం గారు, ఆయన మరణించింది 1979లో. ఒకే పేరుతో ఒకే అరలో ఉన్న సంపుటాల్లో మూడింటిని నెట్‌లో పెట్టొచ్చు, నాలుగోదాన్ని పెట్టకూడదు. తన దగ్గరున్న ప్రతిని భద్రపరచడానికి డిజిటల్ రూపంలో ఉంచుకునే హక్కు మాత్రం వ్యాపారేతర పౌర గ్రంథాలయానికి 2012 సవరణ ఇచ్చింది. పెట్టదగినవి ఉచిత పుస్తకాల వెబ్‌సైటు తెలుగు వికీసోర్స్‌లో పెడితే ఒకరు దిద్దింది ఇంకొకరు సరిచూస్తారు, పని కాలేజీ దాటి బతుకుతుంది.

స్కానింగు అక్కర్లేని మంచి పని ఇంకోటుంది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా ప్రచురించిన నెల్లూరు జిల్లా శాసనాల సంకలనంలో, అప్పటి జిల్లా హద్దుల వల్ల కనిగిరి వైపు ఊళ్లు కూడా ఉన్నాయి. ఊళ్ల పేర్లన్నీ ఇంగ్లీషు లిపిలో ఉండటంతో తమ ఊరి శాసనం అందులో ఉందని ఆ ఊరివాళ్లకే తెలియదు. ఏ ఊరు, ఏ పుట, ఇవాళ ఏ మండలం అని తెలుగులో ఒక సూచిక తయారుచేస్తే హైస్కూలు పిల్లలు కూడా వాడుకుంటారు.

విద్యార్థి ప్రాజెక్టులు ఎక్కువగా చచ్చిపోయేది బ్యాచ్ వెళ్లిపోయిన రోజునే. ఫైళ్లు ఎవరిదో సొంత గూగుల్ డ్రైవ్‌లో ఉంటాయి, వెబ్‌సైటు పేరు మరుసటి ఏడాది డబ్బు కట్టక పోతుంది. అందుకే ఈమెయిలూ, పాస్‌వర్డూ మొదటిరోజు నుంచి గ్రంథాలయం పేరునే ఉండాలి. ఒక ప్రతి శాఖా గ్రంథాలయంలో, ఒకటి జిల్లా గ్రంథాలయ సంస్థలో, ఒకటి విశ్వవిద్యాలయంలో ఉండాలి. మూడూ తెరుచుకున్నాయని గ్రంథపాలకుడు చూసి సంతకం పెట్టాకే 4 క్రెడిట్లు ఇవ్వాలి.

డబ్బు కొత్తగా అడగడం లేదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా ప్రజలు కడుతూనే ఉన్నారు. అది స్థానిక సంస్థల దగ్గర ఆగకుండా జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరేలా చూడండి.

వచ్చే వేసవి సెలవులకు ముందే నష్టాల మీద ఆ ఉత్తర్వునూ, ప్రాజెక్టు అంశాల్లో గ్రంథాలయ జాబితాను చేరుస్తూ రెండు విశ్వవిద్యాలయాలకు ఒక లేఖనూ ఇప్పించండి. నెల్లూరు జిల్లాలో ఒకటి, ప్రకాశంలో ఒకటి, రెండు శాఖా గ్రంథాలయాలతో మొదలుపెట్టవచ్చు. 28 మంది విద్యార్థులు చాలు.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల గ్రంథపాలకులు, అధ్యాపకులు కొందరు