రాజోలు తమ్ముడికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారమండీ. పాలకొల్లులో శుభలేఖలు, ఫ్లెక్సీ డిజైన్లు చేసుకునే చిన్న షాపు నాది. శ్రావణ మాసం ముహూర్తాల హడావుడిలో నా లైనక్స్ (విండోస్‌కి బదులు వాడే సిస్టమ్) ల్యాప్‌టాప్ మొండికేస్తే, వానలో బండి మీద చించినాడ వంతెన దాటి వచ్చి బాగుచేసిన రాజోలు తమ్ముడి గురించి ఈ నాలుగు మాటలు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. మీలో చాలామందికి అతనెవరో ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది.

1920 బై 1080 ఉండాల్సిన తెర 1024 బై 768 దగ్గర ఆగిపోయింది. సెట్టింగుల్లో వేరే సైజే కనిపించదు. శుభలేఖ మీద వినాయకుడు అడ్డంగా సాగిపోయాడు, గుండ్రటి తాళిబొట్టు కోడిగుడ్డులా తయారైంది. చూసినవాళ్లంతా "ఫార్మాట్ కొట్టేయండి, విండోస్ వేసేయండి" అన్నవాళ్లే. అచ్చుకి వెళ్లాల్సిన కార్డులు చేతిలో పెట్టుకుని ఫార్మాట్ ఏంటండీ!

ఇతను వస్తూనే ఏదీ కెలకలేదు. కమాండ్లు టైపు చేసే టెర్మినల్ తెరిచి, కంప్యూటరు ఏ ఆప్షన్లతో బూట్ అయిందో చూశాడు. అందులో నోమోడ్‌సెట్ అని ఉంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర నల్లగా ఉండిపోతే గ్రాఫిక్స్ డ్రైవరును పక్కన పెట్టడానికి వాడతారట. అది అలాగే ఉండిపోతే అసలు డ్రైవరు పనిలోకే రాదు. బూట్ ఆప్షన్లు ఉండే గ్రబ్ ఫైలుకి ముందు ఒక కాపీ తీసి, ఆ ఒక్క మాట చెరిపేసి, అప్‌డేట్-గ్రబ్ అనే కమాండు కొట్టి రీస్టార్ట్ చేశాడు. వినాయకుడు మామూలు బొజ్జతో కూర్చున్నాడు.

అసలు తలనొప్పి తర్వాత మొదలైంది. 14 అంగుళాల తెర మీద ఆ సైజులో అక్షరాలు మరీ చిన్నవి. తెర మీద అన్నిటినీ పెద్దవి చేసే స్కేలింగ్ 200 శాతం పెడితే సగం బొమ్మ తెర బయటికి పోతుంది. 125 పెడితే సైజు కుదిరింది గానీ మసక. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ మసక అంతగా తెలియదు. తెలుగులో 'థ' కడుపులో చుక్క ఉందో లేదో, 'ధ' కింద గీత ఉందో లేదో కళ్లు చికిలించుకుని వెతుక్కోవాలి. పెళ్లికూతురి పేరు సంధ్య అనుకోండి, అక్కడ పొరపాటు పడితే కార్డులన్నీ మళ్లీ అచ్చు వేయాల్సిందే, అదీ నా ఖర్చుతో. ఎక్స్11లో, అంటే లైనక్స్‌లో తెర మీద బొమ్మ గీసే ఏర్పాటులో, 125 అంటే ముందు అన్నిటినీ రెట్టింపు సైజులో గీసి, తర్వాత తెరకి సరిపడా కుదిస్తుందట. ఆ కుదింపులోనే పదును పోతుంది. అందుకని స్కేలింగ్ 100కే ఉంచి, మింట్ (నా లైనక్స్ రకం) ఫాంట్ల సెట్టింగులో టెక్స్ట్ స్కేలింగ్ 1.25 చేశాడు. ఒత్తులన్నీ స్పష్టంగా తేలాయి. ఐకాన్లు చిన్నగానే ఉండిపోయాయి, వాటితో నాకేం పని?

ఇక బయటి మానిటరు కూడా 1024 దగ్గరే ఉంది. దాన్ని కంప్యూటరుకి కలిపే వీజీఏ కేబుల్ పీకి, సెల్‌ఫోన్ లైటు వేసి నాకు చూపించాడు. మూడు వరుసల పిన్నుల్లో కింది వరుసలో రెండోది ఒక పక్కకి వంగిపోయి ఉంది. అది 12వ పిన్ను. మానిటరు తన సైజులేమిటో కంప్యూటరుకి చెప్పుకునేది 12, 15 పిన్నుల మీదుగానట. ఆ మాట అందకపోతే కంప్యూటరు తనకి తోచిన చిన్న సైజుతో సరిపెడుతుంది. కొత్త కేబుల్ తగిలించాం, సరిపోయింది.

డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. పోనీ కొబ్బరికాయలు ఇద్దామంటే రాజోలు మనిషికి కొబ్బరికాయలేంటి, నవ్విపోతారు. పైగా మార్చినవన్నీ, మళ్లీ పాతలా కావాలంటే ఏం చేయాలో కూడా, నా బిల్లు బుక్కు వెనక తెలుగులో రాసిచ్చి వెళ్లాడు.

చాలా థాంక్స్ తమ్ముడూ. మీ ఇంట్లో శుభకార్యం ఎప్పుడైనా సరే, కార్డులు నేనే వేస్తాను. అప్పుడు నువ్వు డబ్బు మాట ఎత్తకూడదు.