ఆ అలారం ఊరికే మోగలేదు

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ పత్రికలో వచ్చిన క్రేన్ ప్రమాదం వార్త గురించి ఈ ఉత్తరం. మర్నాడే రాయడానికి కూర్చున్నాను. కోపంలో రాసింది నాకే నచ్చక చింపేశాను. తెలిసినవాళ్లు ఎవరైనా అసలు సంగతి రాస్తారేమోనని రోజూ ఈ పేజీ చూశాను. ఎవరూ రాయలేదు.

హుక్‌ని మోసే ఉక్కు రోప్ తెగి హుక్ పడిపోయిందని, ఆపరేటర్ నిర్లక్ష్యమే కారణమని రాశారు. వార్త చిట్టచివర మాత్రం ఒక వాక్యం ఉంది: రెండు రోజులుగా అలారం ఊరికే మోగుతుంటే ఆపేశామని సిబ్బంది చెప్పారట. మొత్తం వార్తకి ప్రాణం ఆ వాక్యమే. ఎందుకు మోగింది, ఎవరు ఆపారు, ఎవరు ఆపమన్నారు అని మీ విలేకరి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేను 26 ఏళ్లు క్రేన్ల మీద ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. అందులో సగం రోజులు బూమ్‌ల, అంటే క్రేన్ల పొడుగాటి చేతుల, వైరింగ్‌తోనే గడిచాయి. ‘ఊరికే మోగింది’ అన్న మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒకదాంట్లోంచి ఒకటి జారుతూ పొడుగయ్యే బూమ్ ఉన్న క్రేన్‌లో ఒక చిక్కుంది. హుక్‌ని పైకి లాగే లీవర్ ఎవరూ ముట్టుకోకపోయినా, రోప్ వదలకుండా బూమ్‌ని సాగదీస్తే హుక్ తనంతట తానే బూమ్ కొసకి వచ్చేస్తుంది. వచ్చి కొసలోని పుల్లీలకి గుద్దుకుంటుంది. అప్పటికీ బూమ్ సాగుతూనే ఉంటే రోప్ తెగుతుంది. అది జరగకూడదనే కొసన ఒక స్విచ్ పెట్టి, దానికి గొలుసుతో ఒక బరువు వేలాడదీస్తారు. బరువు వేలాడుతున్నంతసేపూ స్విచ్ మూసి ఉంటుంది, కరెంటు పారుతుంది. హుక్ వచ్చి ఆ బరువుని ఎత్తిందా, స్విచ్ తెరుచుకుంటుంది, క్యాబిన్‌లో అలారం మోగుతుంది. హుక్ ఎత్తడం, బూమ్ సాగదీయడం, బూమ్ దించడం మూడూ ఆగిపోతాయి.

దీన్ని తయారుచేసినవాళ్లు తెలివిగా ఆలోచించారు. కరెంటు పారుతుంటేనే క్షేమం అని పెట్టారు. కాబట్టి దారిలో ఎక్కడ వైరు తెగినా అలారం మోగుతుంది. అంటే హుక్ కిందే ఉన్నా అలారం మోగిందంటే, కొసన ఏం జరుగుతోందో తనకిక కనబడదని యంత్రం చెబుతున్నట్టు. ఆ క్రేన్ రెండు రోజులు అదే చెప్పింది. వినాల్సినవాళ్లు దాని నోరు నొక్కేశారు.

ఇంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. చాలా క్రేన్లలో ఆ స్విచ్ వైరూ, బూమ్ పొడవు కొలిచే కేబులూ ఒకటే. బూమ్ మొదలు దగ్గర, కేబుల్ చుట్టుకునే స్ప్రింగ్ రీల్ ఉంటుంది. బూమ్ సాగుతుంటే దాంట్లోంచి కేబుల్ బయటికొస్తుంది, ఎంత వచ్చిందో చూసి క్యాబిన్‌లోని కంప్యూటర్ పొడవు లెక్కకడుతుంది. ఆ పొడవుకి బూమ్ వాలు కలిపి, బరువు ఎంత దూరంలో ఉందో, ఎంత ఎత్తవచ్చో చెబుతుంది. ఇప్పుడు కేబుల్ తెగి స్ప్రింగ్ వెనక్కి చుట్టేసిందనుకోండి. బూమ్ 30 మీటర్లు సాగి 60 డిగ్రీల వాలులో ఉంటే, బూమ్ మొదలు నుంచి బరువు దాదాపు 15 మీటర్ల దూరంలో ఉన్నట్టు. కంప్యూటర్‌కి 10 మీటర్ల బూమే కనిపిస్తే 5 మీటర్లే అనుకుంటుంది. 5 మీటర్ల దూరంలో ఎత్తగలిగిన బరువు 15 మీటర్ల దూరంలో ఎత్తబోతే క్రేన్ తిరగబడుతుంది. కొన్ని యంత్రాలు ఆ తేడా పసిగట్టి ఆగిపోతాయి. కానీ ఈ రక్షణలన్నీ పక్కన పెట్టించే బైపాస్ తాళం తిప్పేశాక ఏ యంత్రం మాత్రం ఏం చేయగలదు? ఆ తాళం ఇచ్చింది క్రేన్‌ని అమర్చుకునేటప్పుడూ విప్పుకునేటప్పుడూ వాడటానికి. నేను చూసిన క్రేన్లలో ఎన్నింటికో అది వారాల తరబడి అలాగే ఉండేది. ఇంకొందరు స్విచ్ చేతిని కిందికి లాగి బైండింగ్ వైరుతో కట్టేసేవాళ్లు.

పోనీ బాగుచెయ్యడం బ్రహ్మవిద్యా అంటే అదీ కాదు. బూమ్‌ని పూర్తిగా లోపలికి తెచ్చి నేలకి దించితే కొస చేతికందుతుంది. ముందు స్విచ్ దగ్గర వైర్లు రెండూ కలిపి చూడాలి. అలారం ఆగితే తప్పు స్విచ్‌లోనో దాని ప్లగ్‌లోనో ఉన్నట్టు. ఆగకపోతే రీల్ దగ్గర కేబుల్ విప్పి, కరెంటు దారి ఉందో లేదో చూపే మల్టీమీటర్ పెట్టాలి. కేబుల్ లోపలి తీగకీ దాని చుట్టూ అల్లిన లోహపు జాలీకీ మధ్య దారి ఉందా, బరువు చేత్తో ఎత్తితే ఆ దారి తెగుతోందా చూడాలి. కొన్ని కంపెనీల అమరికలో స్విచ్ దగ్గర 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ (కరెంటుని కొంత అడ్డుకునే చిన్న భాగం) ఉంటుంది, అక్కడ వైర్లు నేరుగా కలిపి చూడటం కుదరదు, మీటరు ఆ అంకె చూపించాలి. కేబుల్ బాగుంటే, రీల్ తిరుగుతున్నా కరెంటు అందించే లోపలి స్లిప్ రింగులూ, వైర్లు కలిసే జంక్షన్ బాక్సులో నీరు చేరిందేమో చూడాలి. నా అనుభవంలో ఎక్కువసార్లు దొంగ దొరికింది నీళ్లలోనే, లేదంటే కేబుల్‌కి దారి చూపే గైడ్‌కి రాసుకుని అరిగిన చోట.

వైరు తెగడం కంటే నాకు ఎక్కువ భయం అది లోపల అతుక్కోవడం. తీగా జాలీ ఒకదానికొకటి తగిలితే, రెసిస్టర్ లేని అమరికలో, స్విచ్ తెరుచుకున్నా కరెంటు పారుతూనే ఉంటుంది. అలారం ఎప్పటికీ మోగదు. అంతా బాగుందనే అనుకుంటారు. అది తెలియాలంటే రోజూ పని మొదలుపెట్టే ముందు ఆ బరువుని చేత్తో ఎత్తి అలారం వినడం ఒక్కటే మార్గం. అరనిమిషం పని.

తెగిన కేబుల్‌ని మెలిపెట్టి టేపు చుట్టేవాళ్లను ఎంతమందిని చూశానో లెక్కలేదు. ఆ ముడి రీల్ మీద సరిగ్గా చుట్టుకోదు, గైడ్‌లో ఇరుక్కుంటుంది, వానకి నీళ్లు తాగుతుంది, పొడవు లెక్కా తప్పుతుంది. మొత్తం కేబుల్ మార్చాల్సిందే. బూమ్ లోపలి నుంచి వెళ్లే కేబుల్ అయితే పాతదాని కొసకి కొత్తది కట్టి లాగాలి. పాతది ముందే పీకేస్తే ఒక రోజు పని మూడు రోజులవుతుంది. రీల్‌కి ముందుగా ఎన్ని చుట్ల బిగువు పెట్టాలో తయారీదారు పుస్తకంలో ఉంటుంది. చెయ్యి జారితే ఆ స్ప్రింగ్ వేళ్లు విరగ్గొడుతుంది, జాగ్రత్త. తర్వాత బూమ్‌ని పూర్తిగా లోపల, సగం బయట, పూర్తిగా బయట పెట్టి టేపుతో కొలిచి తెరమీది అంకెతో సరిచూడాలి. ఈ కొలత దగ్గరికి వచ్చేసరికి చాలామంది సామాన్లు సర్దుకుంటారు.

అమెరికాలో 2010లో తెచ్చిన క్రేన్ నిబంధనల్లో దీనికి గడువు రాశారు. హుక్ గుద్దుకోకుండా ఆపే ఈ పరికరం చెడితే 7 రోజుల్లో బాగుచెయ్యాలి, పొడవు చూపేది చెడితే 30 రోజుల్లో. ఈలోగా పని చేయాలంటే ఆపరేటర్‌కి కనబడేలా రోప్ మీద గుర్తు వేయాలి, బూమ్ సాగదీసేటప్పుడు చూసి చెప్పే మనిషిని నిలబెట్టాలి. అలాంటి మాట నేను పనిచేసిన ఏ చోటా ఎవరి నోటా వినలేదు. ‘ముందు పని కానీ, తర్వాత చూద్దాం’ అన్నదే విన్నాను. కేబుల్ కావాలని మూడుసార్లు రాసిచ్చాను ఒక చోట. నాలుగోసారి అడిగితే నన్ను వేరే పనికి మార్చారు.

తనిఖీకి వచ్చేవాళ్ల సంగతీ చెప్పాలి. క్రేన్ ఎక్కకుండా, బూమ్ దించమనకుండా, నీడలో కుర్చీ వేసుకుని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టినవాళ్లను నా కళ్లతో చూశాను. మా పాత మేస్త్రీ ఒకాయన ప్రతి ఉదయం మా చేత ఆ బరువు ఎత్తించి, అలారం తన చెవులతో విన్నాకే పని మొదలుపెట్టనిచ్చేవాడు. ఆయనకి ఏ సర్టిఫికెట్టూ లేదు.

ఆ ఆపరేటర్ తప్పు లేదని నేను అనను. మోగుతున్న అలారం కింద పనిచేయడం తప్పే. కానీ క్రేన్ కదలకపోతే తిట్లు పడేది ఆయనకి, కేబుల్ కొనే అధికారం మాత్రం ఆయనకి లేదు. ఆ అధికారం ఉన్నవాళ్ల గురించి మీ వార్తలో ఒక్క అక్షరం లేదు.

మీ విలేకరిని మళ్లీ అక్కడికి పంపండి. బైపాస్ తాళం ఎవరి దగ్గర ఉండేదో, చివరిసారి కేబుల్ మార్చింది ఎప్పుడో, అలారం మోగిన మొదటి రోజు రిజిస్టర్‌లో ఏం రాశారో అడగమనండి. క్రేన్‌ని ముక్కలుగా విప్పి తరలించకముందే వెళ్లమనండి. ఆ రీల్ మీద టేపు చుట్టిన ముడి కనిపిస్తే ఫొటో తీసి వేయండి.

— ఒక రిటైర్డ్ క్రేన్ ఎలక్ట్రీషియన్